స్పోర్ట్స్ బైక్ ఎయిర్ ఇన్‌టేక్ మార్పులు: శబ్దం, పికప్‌ల గురించి విశాఖ రైడర్ల అనుభవాలు

రుషికొండ_రైడర్:
నా దగ్గర 2022 మోడల్ కేటీఎం ఆర్‌సీ 390 ఉంది. సైలెన్సర్ జోలికి వెళ్లకుండా, యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఇంజన్ గాలి పీల్చే ఆ గర్జన మరికొంత స్పష్టంగా వినిపించాలనీ, మూడు నాలుగు వేల ఆర్‌పీఎం మధ్య పికప్ ఇంకాస్త చురుగ్గా ఉండాలనీ నా కోరిక. ఎయిర్‌బాక్సుకు (ఎయిర్ ఫిల్టర్ ఉండే డబ్బాకు) గాలి లోపలికి వచ్చే దారిగా ఉండే స్నార్కెల్ గొట్టాన్ని తీసేయమని కొందరు, బాక్సునే తీసేసి శంకు ఆకారపు కోన్ ఫిల్టర్ బిగించమని కొందరు చెబుతున్నారు. నేను ఎక్కువగా భీమిలి బీచ్ రోడ్డులో, వీలున్నప్పుడు అరకు ఘాట్‌లో తిరుగుతాను. మన ఊరి ఉప్పుగాలిలో, దుమ్ములో, వానల్లో ఈ మార్పులు చేసి నడిపినవారు తమ అనుభవాన్ని వివరంగా చెప్పగలరని మనవి.

ఎంవీపీ_ఆర్15:
నా యమహా ఆర్15కు స్నార్కెల్ తీసి ఒక ఎండాకాలమంతా నడిపాను. శబ్దం విషయంలో మీరు ఆశించినదే దొరుకుతుంది. థ్రాటిల్ (యాక్సిలరేటర్) పూర్తిగా తెరిచినప్పుడు గంభీరమైన మోత నేరుగా హెల్మెట్‌లోకి వస్తుంది, నెమ్మదిగా వెళుతున్నప్పుడు మాత్రం పెద్దగా తేడా తెలియదు. అయితే హనుమంతవాక దగ్గర సిగ్నల్ పడి రెండో గేరులో లాగవలసి వచ్చినప్పుడల్లా పుల్లింగ్ ముందుకన్నా తగ్గినట్లు స్పష్టంగా తెలిసేది. ఈ బండిలో 7,400 ఆర్‌పీఎం దగ్గర వీవీఏ (వాల్వులు తెరుచుకునే తీరును మార్చే ఏర్పాటు) పనిచేసి ఇన్‌టేక్ వాల్వులు ఎక్కువగా తెరుచుకుంటాయి. నాకు కనిపించిన లాభమంతా ఆ పైనే ఉంది. ఊళ్లో తిరిగేవారు ఆ ఆర్‌పీఎం దాకా ఎన్నిసార్లు వెళతారో ఆలోచించుకోవాలి. వానలు మొదలవగానే స్నార్కెల్ తిరిగి బిగించాను.

ఉక్కునగరం:
ఎంవీపీ గారు చెప్పినదానికి కారణం ఉంది. ఎయిర్‌బాక్సును ఫిల్టర్ పెట్టుకునే ఖాళీ డబ్బాగా చూడకూడదు. సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకొకసారి గాలి పీలుస్తుంది కనుక, 6,000 ఆర్‌పీఎం వద్ద సెకనుకు 50 సార్లు బాక్సులో పీడనం పడిపోయి మళ్లీ లేస్తుంది. బాక్సులోని గాలి స్ప్రింగులాగా, స్నార్కెల్ గొట్టంలోని గాలి ఆ స్ప్రింగుకు కట్టిన బరువులాగా ఊగుతాయి. శబ్దశాస్త్రంలో దీనినే హెల్మ్‌హోల్ట్జ్ రెసొనేటర్ అంటారు. గొట్టం పొడవునూ వెడల్పునూ, బాక్సు పరిమాణాన్నీ కంపెనీ ఇంజనీర్లు లెక్కగట్టి ఈ ఊగుడు మధ్య ఆర్‌పీఎంలలో సిలిండర్ నిండడానికి తోడ్పడేటట్లు, అదే సమయంలో మోత బయటకు రాకుండా అణిగేటట్లు అమరుస్తారు. గొట్టం తీసేస్తే ఆ సహజ పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందనేది) పైకి జరుగుతుంది. మధ్య ఆర్‌పీఎంలలో దొరికే సాయం పోతుంది, అణిగి ఉన్న మోత బయటపడుతుంది. మోత పెరగడంతో బండి చురుకైనట్లు చెవికి తోస్తుంది కనుక, మార్పుకు ముందూ తర్వాతా ఒకే రోడ్డు మీద, ఒకే గేరులో, ఒక వేగం నుంచి మరో వేగానికి పట్టే సమయాన్ని కొలిచి చూడకుండా ఎవరూ నిర్ణయానికి రాకూడదని నా గట్టి అభిప్రాయం.

గాజువాక_గ్యారేజ్:
తమ్ముడూ, నేను బండ్లు విప్పి చూసేవాణ్ణి కనుక లోపల కనబడేది చెబుతాను. పోర్టు వైపు, పారిశ్రామికవాడ వైపు రోజూ తిరిగే బండ్ల ఫిల్టర్ బయటికి తీస్తే మడతల మధ్య నల్లటి సన్నని పొడి పేరుకుని ఉంటుంది. అదే ఫిల్టర్ భీమిలి వైపు బండిదైతే బూడిద రంగులో, ఇసుక నలుసులతో ఉంటుంది. కోన్ ఫిల్టర్ బిగించి తెచ్చిన బండ్లకు నేను ముందుగా చేసే పని ఒక్కటే. ఫిల్టర్ విప్పి, దాని తర్వాత వచ్చే రబ్బరు గొట్టం లోపల శుభ్రమైన తెల్లగుడ్డ చుట్టిన వేలుతో ఒకసారి తుడుస్తాను. గుడ్డ శుభ్రంగా ఉంటే సరే. వేళ్ల మధ్య రుద్దినప్పుడు గరగరలాడితే దుమ్ము ఫిల్టర్‌ను తప్పించుకుని ఇంజన్‌లోకి పోతోందని అర్థం, ఆ గరుకే పిస్టన్ రింగులనూ బోరునూ (సిలిండర్ లోపలి గోడనూ) అరగదీస్తుంది. చాలాసార్లు లోపం ఫిల్టర్ బట్టలో ఉండదు, క్లిప్పు సరిగా కూర్చోని అంచులో ఉంటుంది. అందుకే అంచు చుట్టూ పలచగా గ్రీజు రాసి బిగిస్తాను.

కడిగి వాడుకునే కాటన్ ఫిల్టరైతే దానికి పట్టించే నూనె మోతాదు మించకూడదు. మించితే అది థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే భాగం) గోడలకూ ఉష్ణోగ్రత సెన్సరుకూ జిగురుగా అంటుకుంటుంది. ఫ్యాక్టరీ నుంచే నూనె పట్టించి వచ్చే పేపర్ ఫిల్టర్లను ఎయిర్ గన్‌తో ఊదకుండా, కొత్తవి మార్చడమే పద్ధతి.

రుషికొండ_రైడర్:
అందరికీ ధన్యవాదాలు. ముందు నుంచి తగిలే గాలిని గొట్టంతో నేరుగా బాక్సులోకి పంపితే లాభముంటుందా? మ్యాపింగ్ (ఇంజన్ కంప్యూటర్‌లోని పెట్రోల్ పట్టికను మార్చడం) తప్పనిసరా?

ఉక్కునగరం:
ఎదురుగాలి పీడనం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వద్ద అది వాతావరణ పీడనంలో అర శాతం కూడా ఉండదు, 200 దగ్గర కూడా రెండు శాతం లోపే. జాతీయ రహదారి 16 మీద చట్టబద్ధంగా వెళ్లే వేగంలో దానితో ఒరిగేది లేదు. ఉష్ణోగ్రత మాత్రం పట్టించుకోవలసిన విషయం. పీల్చే గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు మూడు శాతం తగ్గుతుంది. బాక్సు తీసేసి ఇంజన్ పక్కనే కోన్ ఫిల్టర్ పెడితే, మద్దిలపాలెం ట్రాఫిక్‌లో అది రేడియేటర్ వేడినే పీలుస్తుంది.

మ్యాపింగ్ సంగతికి వస్తే, బీఎస్6 బండి నిలకడగా వెళుతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ సాయంతో గాలి-పెట్రోల్ నిష్పత్తిని 14.7:1 చుట్టూ తానే సర్దుకుంటుంది. థ్రాటిల్ బాగా తెరిచినప్పుడు ముందే నమోదై ఉన్న పట్టికను బట్టి, సుమారు 13:1 దాకా రిచ్‌గా (పెట్రోల్ పాలు ఎక్కువగా) పెట్రోల్ ఇస్తుంది. గాలి పెరిగి ఆ పట్టిక మారకపోతే, సరిగ్గా మీరు బలం కోరుకునే చోటే మిశ్రమం లీన్ అయి (పెట్రోల్ పాలు తగ్గి) ఇంజన్ వేడెక్కుతుంది. అందుచేత బాక్సు మారిస్తే డైనో (బండి బలాన్ని కొలిచే యంత్రం) మీద మ్యాపింగ్ చేయించవలసిందే. పైగా మీ బండి రైడ్-బై-వైర్. మీ చేయి తిప్పేది సెన్సర్‌ను, సీతాకోకచిలుక వాల్వును తెరిచేది ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) నడిపే మోటారు. చేతికి తెలిసే చురుకుదనంలో ఎక్కువ భాగం అక్కడే నిర్ణయమవుతుంది.

అరకు గురించి ఒక మాట. అక్కడి ఎత్తు సుమారు 900 మీటర్లు కనుక గాలి దాదాపు పదో వంతు పలచబడుతుంది. శృంగవరపుకోట దాటి పైకి వెళ్లాక పుల్లింగ్ తగ్గితే ఫిల్టర్‌ను నిందించనవసరం లేదు.

జగదాంబ_జంక్షన్:
చట్టం కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీ వివరాలకు భిన్నమైన మార్పులను నిషేధిస్తుంది; 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

గాజువాక_గ్యారేజ్:
కింది ఆర్‌పీఎంలలో చురుకుదనం కావాలంటే ఖర్చులేని పనులు ముందు చెయ్యి తమ్ముడూ. థ్రాటిల్ బాడీలో మసి శుభ్రం చేయించు, చైన్ వదులు సరిచేయించు, ప్లగ్గు చూపించు. చైన్ వదులుగా ఉన్న బండిలో యాక్సిలరేటర్ తిప్పగానే వచ్చే కుదుపునూ ఆలస్యాన్నీ ఇంజన్ లోపంగా భావించి నా దగ్గరకు వచ్చేవారు చాలామంది. ఇంకొకటి, తుపాను వానలకు రోడ్లు మునిగినప్పుడు బాక్సు లేని ఇంజన్ నీళ్లు పీల్చే ప్రమాదం చాలా ఎక్కువ. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు కనుక కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌కు కలిసి ఉండే కడ్డీ) వంగిపోతుంది.

ఎంవీపీ_ఆర్15:
శబ్దం మీద మక్కువ వదులుకోలేనివారికి నేను అనుసరిస్తున్న పద్ధతి చెబుతాను. కంపెనీ బాక్సు మూతను కోయకుండా దాచి, స్పేర్‌గా మరో మూత కొని మార్పులన్నీ దానికే చేయించాను. చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌లో ట్రాక్ డే ఉన్నప్పుడు దానినీ, దానికి తగ్గ మ్యాప్‌నూ వేసుకుంటాను. తిరిగి వచ్చాక అసలు మూత బిగించి, కొత్త ఫిల్టర్ వేసి, గాజువాక అన్న చెప్పినట్లు అంచుకు గ్రీజు రాస్తాను.

రుషికొండ_రైడర్:
అయితే చైన్, థ్రాటిల్ బాడీ, కొత్త పేపర్ ఫిల్టర్, ఈ మూడూ ముందు పూర్తి చేస్తాను. ఉక్కునగరం గారు చెప్పినట్లు ఆనందపురం బైపాస్ మీద మూడో గేరులో 40 నుంచి 80కి పట్టే సమయాన్ని పనికి ముందూ తర్వాతా కొలిచి, ఆ వివరాలు ఇక్కడే రాస్తాను. మూత సంగతి దాని తర్వాత.