నాన్నకి డీబీఎస్ చేయించాలా? చేయించుకున్నవాళ్లు చెప్పండి

గుంటూరు అబ్బాయి:
నాన్నకి 64. పార్కిన్సన్స్ మొదలై తొమ్మిదేళ్లు. సిండోపా మాత్ర రోజుకి ఆరుసార్లు. వేసుకున్న ముప్పావుగంటకి లేచి తిరుగుతారు, రెండు గంటలు దాటితే కుర్చీలో బిగుసుకుపోతారు. డాక్టరుగారు మెదడులో తీగలు పెట్టి కరెంటు ఇచ్చే డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) గురించి ఆలోచించమన్నారు. "తలకి రంధ్రాలా!" అని అమ్మ ఒకటే ఏడుపు. కరెంటుతో జబ్బు నయమవుతుందా?

రిటైర్డ్ క్యాషియర్:
నయం కాదు బాబూ. నాకు చేసి నాలుగేళ్లయింది, మాత్రలు ఇంకా మింగుతున్నా, సగం మోతాదు.

ఆ ముప్పావుగంట తర్వాత నాన్నగారు ఎలా ఉంటారో, డీబీఎస్ అయ్యాక రోజులో ఎక్కువసేపు అలా ఉంటారు. అంతకు మించి ఆశపడకండి. మాత్రకి లొంగని తూలుడు, మాట తడబాటు కరెంటుకీ లొంగవు. వణుకు ఒక్కటే మినహాయింపు. అందుకే ముందురోజు రాత్రి నుంచి మందు ఆపి ఒకసారి, వేసి ఒకసారి పరీక్షిస్తారు.

అమ్మగారితో చెప్పు, రంధ్రం రూపాయి బిళ్ళంత కూడా ఉండదు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిద్ అనే సర్జన్ గారు మొదలుపెట్టిన పద్ధతి, కొత్తదేం కాదు.

నాకు మెలకువగా ఉండగానే చేశారు. తలకి లోహపు చట్రం స్క్రూలు బిగించేటప్పుడే నొప్పి, మెదడుకి నొప్పి తెలీదు. సన్నతీగ లోపలికి దిగుతుంటే స్పీకర్లో గరగర, స్టేషను దొరకని పాత రేడియోలా. కరెంటు పెంచితే మూతి ఒక పక్కకి లాగేసింది, తగ్గించారు. "నోట్లు లెక్కపెట్టండి సార్" అంది డాక్టరమ్మ. గాల్లోనే ఒక కట్ట లెక్కపెట్టా! ఆ చెయ్యి అలా ఆడి అప్పటికి ఏడేళ్లయింది.

ఆపరేషన్ తర్వాత ప్రోగ్రామింగ్ కోసం, అంటే కరెంటు ఎంత ఇవ్వాలో సరిచేయించుకోడానికి, ఆరు నెలలు తిరగాలని మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు. ఆ కోపం ఇంకా పోలేదు. గొంతు కూడా తగ్గింది. వంటింట్లోంచి మా ఆవిడ మూడుసార్లు "ఏంటీ?" అంటుంది.

విజయనగరం కోడలు:
తీగలకి కరెంటిచ్చే బ్యాటరీ ఛార్జింగ్‌దా కాదా, ఖరీదుతో సహా ముందే అడగండి. మామగారిది ఛార్జింగ్‌ది కాదు, నాలుగో ఏట కాలర్ ఎముక కింద మళ్లీ కోసి మార్చారు. ఇంకోటి, డయాథర్మీ (నొప్పికి ఒంటి లోపల వేడి పుట్టించే మిషను) అస్సలు పెట్టించకూడదు. భుజం నొప్పని తీసుకెళ్తే ఫిజియోథెరపీ అబ్బాయి మిషను దగ్గరికి లాగేశాడు కూడా. అత్తయ్య పర్సులోంచి డీబీఎస్ కార్డు తీసి చూపించబట్టి సరిపోయింది.

గుంటూరు అబ్బాయి:
నాన్నకి చదివి వినిపించాను. పరీక్షకి సరే అన్నారు. "ఇంతకీ ఆ కట్ట లెక్క సరిపోయిందా?" అని అడగమంటున్నారు అంకుల్.

రిటైర్డ్ క్యాషియర్:
రెండు తక్కువొచ్చాయి.