నాడీ తు ధమనిః... ఆ తర్వాత శిరా? సిరా?

పద్యప్రియ: 7 టెస్లా (అయస్కాంత బలానికి కొలమానం) ఎంఆర్ఐతో మెదడు లోతుల్లోని వెంట్రుకలాంటి రక్తనాళాలను సూది, మందు లేకుండా చూడటంపై వ్యాసం రాస్తూ ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. అమరకోశంలో "నాడీ తు ధమనిః" తర్వాత వచ్చేది తాలవ్యమా (శ), దంత్యమా (స)?

అమరపాఠి: నేను వల్లించింది "శిరా". ఆ పంక్తి మొదట్లో "పశ్చాద్గ్రీవాశిరా మన్యా" అని కూడా తాలవ్యమే కదండీ.

పాతనిఘంటువు: "ధ్మానాద్ధమన్యః స్రవణాత్ స్రోతాంసి సరణాత్ సిరాః" అన్నాడు చరకుడు. సరణం, అంటే పారడం, నుంచి వచ్చిన మాటకు శకారం ఎక్కడిది? పైగా మెదడు వ్యాసంలో "శిర" అంటే చదివేవారికి తల గుర్తొస్తుంది.

అమరపాఠి: వ్యుత్పత్తి అర్థం చెబుతుంది, వర్ణక్రమం తేల్చదు. అయినా అమరుడు నాడి, ధమని, శిర మూడూ ఒకటే అన్నాడు.

స్కానింగ్‌గది: ఒకటే అంటే మాకు కుదరదండీ. మాకు ధమని గుండె నుంచి రక్తం తెచ్చేది, సిర తిరిగి తీసుకెళ్లేది. ఈ పద్ధతిలో కదలని కణజాలం పదే పదే రేడియో తరంగాలు తగిలి మసకబారుతుంది. అప్పుడే లోపలికి వచ్చిన తాజా రక్తం మెరుస్తుంది. అందుకే ప్రధానంగా ధమనులే కనిపిస్తాయి. 7 టెస్లాల దగ్గర వెనకటి కణజాలం ఇంకా చీకటవుతుంది, సంకేతం బలపడుతుంది. మధ్య మస్తిష్క ధమని నుంచి పైకి లేచే, అర మిల్లీమీటరైనా లేని కొమ్మలు తెరమీద గడ్డిపోచల్లా నిలబడతాయి. మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు కళ్లు తిప్పుకోలేదు.

పాతనిఘంటువు: సుశ్రుతుడూ మీ పక్షమే. సిరలు 700, ధమనులు 24 అని లెక్క చెప్పి, తేడా లేదన్నవారి మాట సరికాదన్నాడు.

పద్యప్రియ: మరి ఇళ్లలో "మెదడులో నరం చిట్లింది" అంటాం. పుస్తకాల్లో నరమంటే రక్తనాళం కాదు, సంకేతాలు మోసే నాడి.

స్కానింగ్‌గది: రక్తపోటు ఎక్కువైనవారిలో తరచుగా చిట్లేవి ఆ గడ్డిపోచలే. జనం నరమన్నది వాటినే.

తెలుగుమాట: అలాగైతే "నరం" అనే రాయండి. మా తాతగారికి అదే జరిగింది. కుడిచెయ్యి పడిపోయాక కూడా పోతన పద్యం చదివేవారు. "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను" దగ్గర ఠకారాన్ని ఎంత ఒత్తేవారో!

అమరపాఠి: ఠకారమేనా? మా ఊళ్లో "తావుల్" అనేవారు.

తెలుగుమాట: ఠకారమే. తావు అంటే ఆ పాదం నీరసపడిపోతుంది.

పాతనిఘంటువు: తావు, ఠావుల సంగతి రాత్రికి వివరంగా రాస్తాను.

పద్యప్రియ: వ్యాసం రేపు పంపాలండీ. ప్రస్తుతానికి "సిర" అని రాసి, పక్కన పెన్సిలుతో "శ" పెట్టుకున్నాను.