హెర్గ్‌కు అడ్డుపడే ప్రతి మందునూ పారేయాల్సిందేనా?

అణువుల_వేట:
ఏడాదిన్నరగా మేం మందుగా చెక్కుతున్న అణువును నిన్న అయిదు నిమిషాల్లో పక్కన పెట్టేశారు. దాని నేరం హెర్గ్ అనే పొటాషియం ఛానెల్‌కు అడ్డుపడటం. గుండె కొట్టుకున్న ప్రతిసారీ పొటాషియాన్ని బయటికి వదిలి, కణాన్ని మళ్లీ సిద్ధం చేసే ద్వారాల్లో ఇది ముఖ్యమైనది. ఇది మూసుకుంటే ఈసీజీలో క్యూటీ విరామం (గుండె కింది గదులు ముడుచుకుని మళ్లీ సిద్ధమయ్యే సమయం) సాగుతుంది, ఒక్కోసారి లయ తప్పి ప్రాణమే పోతుంది. కాదనను. కానీ దీని లోపలి గది బాగా విశాలం, గోడల్లో టైరోసిన్, ఫినైల్‌అలనైన్ అనే అమైనో ఆమ్లాలు కాచుకుని ఉంటాయి. దారిన పోయే అణువులన్నీ వచ్చి అతుక్కుంటాయి. రక్తంలో విడిగా తిరిగే మందు మోతాదుకూ, హెర్గ్‌ను సగం మూసే మోతాదుకూ మధ్య 30 రెట్ల ఎడం ఉండాలన్నది చాలామంది పాటించే లెక్క. మాకు 12 వచ్చింది. రక్తపోటుకు వాడే వెరాపమిల్‌కు అంత కూడా లేదు! అయినా అది కాల్షియం ఛానెల్‌నూ అడ్డుకుంటుంది కాబట్టి చెల్లుకు చెల్లు, దశాబ్దాలుగా వాడుతూనే ఉన్నాం.

గళ్ల_కాగితం:
గడప దాటిన టెర్ఫెనడిన్ కథ కూడా చెప్పండి సార్. తుమ్ములకు వేసుకునే మాత్ర. కాలేయం దాన్ని చకచకా ఫెక్సోఫెనడిన్‌గా మార్చేస్తుంది కాబట్టి చాలాకాలం ఎవరికీ అనుమానం రాలేదు. ఫంగస్ మందు కీటోకొనజోల్‌ గానీ యాంటీబయాటిక్ ఎరిత్రోమైసిన్‌ గానీ తోడైతే ఆ మార్పు కుంటుపడి, అసలు మందు రక్తంలో పేరుకుని హెర్గ్ మీద పడేది. గ్రేప్‌ఫ్రూట్ రసం (మన పంపరపనసకు చుట్టమే) కూడా అదే పని చేస్తుంది. 1998లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. ఫెక్సోఫెనడినే మందుగా వచ్చింది, అది హెర్గ్ జోలికి దాదాపు పోదు. మీదీ పారేసి ఇంకొకటి చెక్కండి.

తమ్ముడి_అక్క:
ఇంకొకటి చెక్కమనడం తేలికేనండీ. మా తమ్ముడికి మందులకు లొంగని క్షయ. బెడాక్విలిన్ మొదలుపెట్టిన రోజే అది క్యూటీని సాగదీస్తుందని చెప్పారు. ప్రతి ఈసీజీ మీదా డాక్టరమ్మ స్కేలు పెట్టి కొలిచేవారు, నేను ఆ అంకెను గోడ క్యాలెండరులో రాసుకునేదాన్ని. 428, 446, 451 మిల్లీసెకన్లు. ఒకసారి 483 వచ్చింది. 500 దాటితే ఆపేయాలట. రక్తంలో పొటాషియం చూసి, వాంతులకు ఇస్తున్న ఆన్‌డాన్‌సెట్రాన్ మాన్పించారు. తర్వాతి వారం 455. బెడాక్విలిన్‌ను మాత్రం ఆపలేదు. దీన్ని కూడా అయిదు నిమిషాల్లో పారేసి ఉంటే, పాత పద్ధతిలో చెవుడు తెచ్చిపెట్టే ఇంజెక్షన్లే మాకు గతి.

ఈగల_గది:
అందరూ గుండె చుట్టూనే తిరుగుతున్నారు. ఈథర్ మత్తులో కాళ్లు ఆడించే పండు ఈగల్ని చూసి, అప్పటి గో-గో నాట్యం గుర్తొచ్చి, ఆ జన్యువుకు ఈథర్-ఎ-గో-గో అని పేరు పెట్టారు. హెర్గ్ దాని మానవ బంధువు. 1994లో విస్కాన్సిన్‌లో వార్మ్‌కే, గానెట్జ్‌కీ దాన్ని పట్టుకున్నది గుండెలో కాదు, మెదడులోని హిప్పోకాంపస్ నుంచి తీసిన జన్యు సామగ్రిలో. మరుసటి ఏడాదే యూటాలో కీటింగ్ బృందం వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం దీర్ఘ క్యూటీకి దాని లోపమే కారణమని తేల్చింది.

మా బంధువుల అమ్మాయి తెల్లవారుజామున అలారం మోగగానే కొయ్యబారి పడిపోయేది. రెండేళ్లు మూర్ఛ మాత్రలు మింగించారు. ఒక పిల్లల డాక్టరు ఎందుకో ఈసీజీ తీయిస్తే బయటపడింది. హెర్గ్ లోపం ఉన్నవాళ్లకు హఠాత్తుగా వచ్చే చప్పుడే గండం. ఇటలీలో 44 వేల మందికి పైగా పసికందులకు ఈసీజీ తీసి చూస్తే, సుమారు రెండు వేల మందిలో ఒకరికి దీర్ఘ క్యూటీ ఉన్నట్లు లెక్క తేలింది. అణువుల_వేట గారూ, మీ మందు ఆ ఒకరి ఇంటికీ వెళుతుంది.

కౌంటరు_వెనుక:
మందుల దుకాణంలో చాలా ఏళ్లుగా ఉన్నాను. గొంతు నొప్పికి అజిత్రోమైసిన్, పొట్ట ఉబ్బరానికి డోంపెరిడోన్ కలిసిన గ్యాస్ మాత్ర. రెండూ క్యూటీని సాగదీసేవే, రెండూ ఒకే కవరులో పోతాయి. చీటీ అడిగితే పక్క దుకాణానికి వెళ్లిపోతారు. స్కేలు పెట్టి కొలిచే డాక్టరమ్మ నా కౌంటరు దగ్గర లేరు. క్యూటీని సాగదీసే గుండెమంట మందు సిసాప్రైడ్‌ను మన దేశంలో ఆపేసింది 2011లో. అమెరికాలో 2000లోనే మామూలు అమ్మకం ఆగిపోయింది. ఆ మధ్య ఏళ్లలో అమ్మినవాళ్లలో నేనూ ఒకణ్ని.

అణువుల_వేట:
ఒక్క హెర్గ్‌నే కాక సోడియం, కాల్షియం ప్రవాహాలనూ కలిపి లెక్కగట్టాలని 2013 నుంచి సీపా అనే ప్రయత్నం జరుగుతోంది. నేను అడుగుతున్నదీ అదే. క్షయ మందుకు పెట్టిన తూకమే అన్నిటికీ పెట్టమనడం లేదు.

గళ్ల_కాగితం:
ఇంతకీ మీ అణువు ఏ జబ్బుకో చెప్పలేదు.

అణువుల_వేట:
దురదకు.

సరే, నవ్వుకోండి. టైరోసిన్‌కు అతుక్కుంటున్న కొసను కత్తిరించి చూద్దామని సోమవారం మళ్లీ కూర్చుంటున్నాం.