కామిక్ పుస్తకంలోని స్వగతం యానిమేషన్ చిత్రంలో ఎందుకు మాయమవుతుంది?

ప్రశ్న (పర్లాకిమిడి నుండి):
ఫ్రాంక్ మిల్లర్ 1986లో వెలువరించిన బ్యాట్‌మ్యాన్ కామిక్ 'ద డార్క్ నైట్ రిటర్న్స్'ను ఈ వేసవి సెలవుల్లో, పదో తరగతి పూర్తి చేసిన మా మేనల్లుడితో కలిసి చదివాను. వాడిది ఒడియా మాధ్యమం కావడంతో ఇంగ్లీషు మాటలను నేను తెలుగులో చెబుతూ ఉంటే, వాడు వేలితో ఒక్కొక్క గడినీ దాటుకుంటూ వచ్చాడు. తరువాత, 2012, 2013లలో రెండు భాగాలుగా వచ్చిన యానిమేషన్ చిత్రాన్ని చూపించాను. పోరాటాలు బాగున్నాయన్నాడు గానీ, మొదటి భాగం సగమైనా కాకముందే "మావయ్యా, ఈయన మనసులో మాట్లాడుకోవడం మానేశాడేం?" అని అడిగాడు. నిజమే, పుస్తకాన్ని నడిపించే బ్రూస్ వేన్ (బ్యాట్‌మ్యాన్ అసలు పేరు) స్వగతాన్ని చిత్రంలో తీసివేశారు. యానిమేషన్‌కు ఇది తప్పనిసరా?

జవాబు (బరంపురం నుండి):
తప్పనిసరి కాదు. మిల్లరే రాయగా డేవిడ్ మజుకెల్లి బొమ్మలు వేసిన 'బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్' (1987) 2011లో యానిమేషన్‌గా వచ్చినప్పుడు పోలీసు అధికారి గోర్డన్, బ్రూస్ ఇద్దరి స్వగతాలనూ వినిపించారు. అయితే అలా ఉంచడంలోనూ ఒక చిక్కు ఉంది. పుస్తకంలో చదివే వేగం మన చేతిలో ఉంటుంది కనుక, మాట ఎంత పొడుగైనా బొమ్మ మన కోసం ఆగుతుంది. తెరమీద మాత్రం మాట పూర్తయ్యేదాకా బొమ్మను నిలబెట్టాలి, లేదా బొమ్మ వెంట మాటను పరుగెత్తించాలి. మీరు చదివిన పుస్తకంలోనే బ్రూస్ తల్లిదండ్రుల హత్య ఘట్టాన్ని మళ్లీ తీసి చూడండి. తుపాకీకి చిక్కుకున్న ముత్యాలహారం తెగడాన్ని మిల్లర్ చిన్న చిన్న గడులుగా కోసి చూపాడు. ఒక్కొక్క ముత్యం దగ్గర ఎంతసేపు ఆగాలో నిర్ణయించేది పాఠకుడే. తెరమీద ఆ నిర్ణయం దర్శకుడిది. నా మట్టుకు స్వగతం పోయినందుకు కన్నా ఈ ఆగే హక్కు పోయినందుకే ఎక్కువ బాధ.

జవాబు (రాయగడ నుండి):
స్వగతం సంగతి అలా ఉంచి, నిడివి చేసే నష్టాన్ని కూడా చూడాలి. పన్నెండు సంచికల 'ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్' 2011లో గంటంబావు చిత్రమైంది కనుక కొన్ని ఉపకథలు ఎగిరిపోయాయి. యాభై పుటలైనా లేని 'ద కిల్లింగ్ జోక్' (1988) విషయంలో దీనికి సరిగ్గా తిరగబడింది. జానెడు గుడ్డను పంచెగా కట్టబోయినట్టు, 2016 నాటి చిత్రానికి ముందువైపు దాదాపు అరగంట బ్యాట్‌గర్ల్ కథను అతికించారు. అతుకు కనబడుతూనే ఉంది.

జవాబు (బరంపురం నుండి, మరొకరు):
స్వగతాన్ని వినిపించడానికి బదులు చూపించవచ్చు కూడా. 'స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్‌వర్స్' (2018) ఏ ఒక్క సంచికకూ యథాతథ అనుసరణ కాదు గానీ, సాలీడు కుట్టాక కథానాయకుడైన కుర్రాడు మైల్స్ ఆలోచనలు కామిక్ పుస్తకంలో లాగే డబ్బాలలో అక్షరాలై తెరమీద కనబడతాయి. పాత అచ్చులోని రంగుచుక్కలను సైతం వదలలేదు. అడవిలో ఊగే ఘట్టంలో, అనుభవజ్ఞుడైన స్పైడర్‌మ్యాన్ పీటర్‌కు సెకనుకు 24 బొమ్మలు వాడి, ఇంకా నేర్చుకుంటున్న మైల్స్‌కు 12 మాత్రమే వాడారు. వాడి తడబాటును ఏ సంభాషణా అంత చక్కగా చెప్పలేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న 'ఇయర్ వన్' చూశాము. స్వగతం ఉంది కదా, ఇప్పుడు సరేనా అని అడిగితే, మావాడు కాసేపు ఆలోచించి, "ఉంది గానీ మావయ్యా, పుస్తకంలో ఆయనది నీ గొంతు కదా" అన్నాడు.