మందు లేకుండా వరోవా నల్లిని తట్టుకునే తేనెటీగ: మన సీమలో అయ్యే పనేనా?

హంద్రీగట్టు (కర్నూలు):
సన్‌ఫ్లవర్ విత్తన ప్లాట్లకు పరాగసంపర్కం కోసం మెల్లిఫెరా (ఐరోపా రకం తేనెటీగ) పెట్టెలు పెట్టే అందరి బాధా ఒకటే, ఈగలను, వాటి పిల్లను పీల్చే వరోవా నల్లి. మందు స్ట్రిప్పులు పెడతాం, కొన్నాళ్లకు నల్లి వాటికి అలవాటు పడుతుంది, ఇంకో మందు వెతుకుతాం. నేననేది, మందు మానేసి, తట్టుకుని నిలబడ్డ పెట్టెల నుంచే రాణులను తీయాలి. స్వీడన్‌లోని గాట్లాండ్ దీవిలో 1999లో 150 పెట్టెలతో ఈ పనే మొదలుపెట్టారు. మిగిలినవి నల్లితోనే బతకడం నేర్చాయి. ఇక్కడెందుకు కాదు?

చీనీతోట (పులివెందుల):
గాట్లాండ్ సంగతి సగమే చెప్పినావన్నా. మూడో ఏడు చలికాలంలో 76 శాతం పోయినాయి, నాలుగో ఏడు 57 శాతం. ఆ తర్వాతనే 13, 19కి దిగినాయి. మిగిలినవైనా తక్కువ ఈగలతో, తక్కువ పిల్లతో (గదుల్లో పెరిగే గుడ్లు, పురుగులు, ప్యూపాలు) నెట్టుకొచ్చే రకం. పెట్టె నిండా ఈగలుంటేనే కదా విత్తన రైతు బాడుగ ఇచ్చేది?

ఇంకోటి, పెట్టె చచ్చేటప్పుడు నల్లి దాంతోపాటు చావదు. బలం తగ్గిన పెట్టెలో తేనె దోచుకోను పక్క పెట్టెల ఈగలొస్తాయి, నల్లిని వీపున మోసుకుపోతాయి. నీ ప్రయోగానికి పక్క చేను వాడు మూల్యం కట్టాల.

అసలు చిక్కు పోతుటీగలది, అంటే మగ ఈగలది. రాణి గాల్లో 10 నుంచి 20 పోతుటీగలతో కలుస్తాది, అందుకోసం రెండు మూడు కిలోమీటర్లు దాటి కూడా పోతాది. నువ్వు ఏరుకున్నది తల్లిని ఒక్కదాన్నే. తండ్రులంతా పక్కోళ్ల పెట్టెల్లోనివి.

మెట్టపొలం (కళ్యాణదుర్గం):
పోతుటీగల లెక్క సరే, దాన్నుంచి మీరు తేల్చింది సరికాదు. మెల్లిఫెరా బయటి నుంచి తెచ్చిన ఈగ. మన అడవుల్లో, గుట్టల్లో దాని పట్టులు కనబడవు. పెట్టెలున్న చోటే దాని పోతుటీగలు. చీనీ (బత్తాయి) పూత, సన్‌ఫ్లవర్ అయిపోగానే వలస పెట్టెలు లారీ ఎక్కుతాయి. ఆ తర్వాత అనంతపురం మెట్టలో చుట్టూ ఏడెనిమిది కిలోమీటర్లు వేరే పెట్టె లేని చోటు దొరకడం కష్టమేమీ కాదు. ఐరోపాలో దీవులు వెతుక్కుంటారు, మనకు ఎండు నేలే దీవి.

చీనీతోట:
లారీ ఎందుకు ఎక్కుతాయప్పా? పువ్వు లేకనే కదా. పువ్వు లేకుంటే పుప్పొడి రాదు. పుప్పొడి లేకుంటే కూలి ఈగలు పోతుపిల్లను పెంచవు, పెరిగిన పోతుటీగలను బయటికి ఈడ్చేస్తాయి. వేరే పెట్టెలు లేని కాలంలో నీ పోతుటీగలు మాత్రం యాడ నుంచి వస్తాయి?

మెట్టపొలం:
అందుకే ఎండాకాలం కాదు, వానలు పడ్డాక ఎత్తుకోవాలి. సజ్జ, జొన్న కంకులు, ఆముదం పుప్పొడి బాగా ఇస్తాయి. తేనె పెద్దగా రాదు కాబట్టి వలసవాళ్లు వాటి కోసం రారు. చక్కెర, నీళ్లు సమానంగా కలిపిన పానకం మాత్రం మనమే ఇవ్వాలి.

రోజుల లెక్క తప్పితే అంతా వృథా. పోతుటీగ గుడ్డు నుంచి బయటికి రావడానికి 24 రోజులు, జతకట్టే ఈడు రావడానికి ఇంకో 12 రోజులు పైనే. రాణికి గుడ్డు నుంచి 16 రోజులే, వారం తిరిగేసరికి జత ఎగురుడుకు పోతుంది. కాబట్టి పెద్ద గదుల మైనపు అట్ట వేసిన పోతు ఫ్రేములను గ్రాఫ్టింగ్‌కు (రాణిగా పెంచడానికి పిల్లపురుగును తీసి రాణి గదిలోకి మార్చడం) 18–20 రోజుల ముందే ఏరిన పెట్టెల్లో పెట్టాలి. గ్రాఫ్టింగ్‌కు ఒక్క రోజు దాటని పిల్లపురుగునే తీయాలి. వరోవాకు పోతుపిల్ల అంటే మహా ఇష్టం, కూలిపిల్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా దాంట్లో దూరుతుంది. పోతు ఫ్రేములు పెట్టిన పెట్టెల్లో నల్లి లెక్క పెరుగుతుంది. అది చూసి "ఈ రకం పనికిరాదు" అని తీసేయకండి.

సూదిమొన (అనంతపురం):
ఏరిన పెట్టెలు అంటున్నారు, దేన్ని చూసి ఏరారు? బతికిందన్న ఒక్క గుర్తు చాలదు. ఆ ఏడు పిల్ల తక్కువ పెట్టిన పెట్టె కూడా బతుకుతుంది.

ముందు నల్లి లెక్క. పిల్ల ఫ్రేము మీది ఈగలు అర కప్పు, అంటే సుమారు 300. రాణి లేదని రెండుసార్లు చూసుకుని స్పిరిట్‌లో వేసి, నిమిషం పాటు ఊపి, జల్లెడ పట్టండి. రాలిన నల్లులను మూడుతో భాగిస్తే శాతం వస్తుంది. ఒక్కసారి చూస్తే అర్థం లేదు. నెలనెలా చూసి, ఏ పెట్టెలో నిదానంగా పెరుగుతోందో దాన్ని పట్టుకోవాలి.

తర్వాత సూది పరీక్ష. మూత వేసిన గదుల్లో కళ్లు గులాబీ రంగుకు తిరిగిన ప్యూపాలు వంద చూసి, సన్న సూదితో మూత మీదుగా గుచ్చి, 24 గంటలకు ఎన్ని ఖాళీ చేశాయో లెక్కపెట్టాలి. ఇది చచ్చిన పిల్లను ఊడ్చే గుణం చూపుతుందే గానీ, నల్లి దూరిన బతికున్న పిల్లను పసిగట్టే గుణం వేరు. దానికి కళ్లు ఊదారంగుకు తిరిగిన ప్యూపాల గదులు విప్పి చూడాలి. తల్లి నల్లి మూత పడ్డాక రెండున్నర, మూడు రోజులకు మొదటి గుడ్డు పెడుతుంది, అది మగది. ఆ తర్వాత 30 గంటలకొకటి చొప్పున ఆడవి. గదిలో తల్లి నల్లి ఒక్కతే ఉండి దాని పిల్లలు లేకుంటే అది మనకు కావలసిన గుర్తు. ఇలాంటి నల్లి గదులు ముప్పై అయినా చూడనిదే మాట్లాడకూడదు. ఓపిక కావాల్సిన పని, కళ్లు లాగుతాయి, వేరే దారి లేదు.

ఒక మోసం కూడా ఉంది. నాలుగైదు రాణుల సంతానాన్నే వాటిలో వాటికి కలుపుతూ పోతే పిల్ల ఫ్రేము చిల్లులు చిల్లులుగా మారుతుంది. దాన్ని చూసి "ఈగలు నల్లి గదులు ఖాళీ చేస్తున్నాయి" అనుకుంటారు. నిజానికి అది దగ్గరి రక్తం వల్ల పుట్టిన పనికిరాని పోతుపిల్లను కూలి ఈగలు తినేయడం. బయటి రక్తం కలపకుండా సాగాలంటే 35 నుంచి 50 తల్లి రాణులు కావాలి. మనలో ఒక్కడికీ అంత ఉండదు, నలుగురైదుగురు కలిస్తేనే.

నల్లమల అంచు (ఆత్మకూరు):
ఇంత కష్టమెందుకు? వరోవా పుట్టిందే పుట్ట తేనెటీగ మీద. దాని కూలి గదుల్లో నల్లి పెరగదు, పోతు గదుల్లోనే పెరుగుతుంది, బలహీనమైన పోతుపిల్లను ఈగలు మూత తీయకుండా అందులోనే సమాధి చేస్తాయి. మీరు తయారు చేయాలనుకుంటున్న ఈగ మన చెట్టు తొర్రలోనే ఉంది.

హంద్రీగట్టు:
ఉంది, కానీ పెట్టెలో నిలవదు. కాస్త కరువు రాగానే పట్టు వదిలి లేచిపోతుంది. తేనె కూడా మెల్లిఫెరాలో పావో, మూడో వంతో. 1991–92లో పిల్లను చంపే థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్ వచ్చి దక్షిణాదిలో పుట్ట ఈగల పెట్టెలు ఎలా ఊడ్చుకుపోయాయో గుర్తుంది కదా.

నల్లమల అంచు:
సరే, మెల్లిఫెరానే పెంచండి. కానీ మీరంతా వదిలేసిన నల్లి ఇంకోటుంది, ట్రోపిలీలాప్స్. అది కొండ తేనెటీగ నుంచి వచ్చింది. నీళ్ల ట్యాంకుల కింద, కొండ చరియలకు ఆ పట్టులు ఉన్నంత కాలం మన పెట్టెలకు తగులుతూనే ఉంటుంది. ఎదిగిన ఈగల మీద అది నిలవదు, స్పిరిట్ పరీక్షలో చిక్కదు. పిల్ల ఫ్రేమును తెల్ల పళ్లెం మీద గట్టిగా తట్టి, ఎర్రగా సన్నగా పరిగెత్తేవాటిని చూడాలి. ఐరోపా, అమెరికా రకాలను వరోవా కోసం ఏరారే గానీ దీనికోసం కాదు.

మెట్టపొలం:
ఒప్పుకుంటాను. దానికి పిల్ల లేకుండా చేయడమే విరుగుడు, పిల్ల లేకుంటే రెండు మూడు రోజుల్లో చస్తుంది. రాణిని 24 రోజులు పంజరంలో పెడితే పోతుపిల్లతో సహా అంతా బయటపడుతుంది. అప్పుడు వరోవా కూడా ఈగల మీదే ఉంటుంది. లీటరు పానకానికి 35 గ్రాముల ఆక్జాలిక్ ఆమ్లం స్ఫటికాలు కలిపి, ఫ్రేముల సందుకు 5 మిల్లీలీటర్ల చొప్పున, పెట్టెకు 50 దాటకుండా పోయాలి. చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఫార్మిక్ ఆమ్లం మాత్రం మన ఎండల్లో వద్దు, ఒక్కసారిగా ఆవిరై రాణినే చంపుతుంది.

హంద్రీగట్టు:
అంటే మళ్లీ మందే కదా! మందుతో బతికిన పెట్టెను తట్టుకున్న పెట్టె అని ఎలా అంటాం?

సూదిమొన:
అనం. నల్లి మూడు శాతం దాటితే మందు వేస్తాం, ఆ రాణి నుంచి పిల్ల తీయం. రాణిని చంపి, మంచి పెట్టె నుంచి తీసిన కూతురిని ఇస్తాం. రెండు నెలల్లో ఆ పెట్టెలో ఈగలన్నీ కొత్త రాణివే. గాట్లాండ్‌లో ఈగలు చచ్చి ఏరుడు జరిగింది, ఇక్కడ రాణి ఒక్కటే పోతుంది.

చీనీతోట:
దీనికైతే నేనూ వస్తా. కానీ వలస పెట్టెలు తిరిగొచ్చే చీనీ పూతకు ముందే రాణులన్నీ జతకట్టి గుడ్లు పెట్టాల. ఒక్క రాణి వెనకబడినా దాని కూతుళ్లను తల్లి వరుసలో రాయొద్దు, తేనెకు మాత్రం వాడుకోండి.