చంపదగినయట్టి శత్రువు: ఆ ‘తగిన’ ఎవరి మీద ఉంది?

గ్రూపు మిత్రులకు నమస్కారం. హనుమకొండలో తొమ్మిదో తరగతికి తెలుగు చెప్తాను. మొన్న వేమన పద్యం చెప్తుంటే ఒక అమ్మాయి లేచి, “సార్, చంపదగిన అంటే ఉరిశిక్ష వేయదగిన అనే కదా? తగినప్పుడు ఎందుకు వద్దంటున్నాడు?” అని అడిగింది. నేను చెప్పిన జవాబు నాకే చాల్లేదు. రెండు రోజులుగా అదే తిరుగుతోంది మనసులో.

చంపదగినయట్టి శత్రువు తనచేత
చిక్కెనేని కీడు సేయరాదు
పొసగ మేలు చేసి పొమ్మనుటే చాలు
విశ్వదాభిరామ వినురవేమ

చంపన్ + తగిన. ద్రుతం, అంటే చివరి ‘న్’, మీద ‘త’ ‘ద’గా మారింది. తినదగిన, చూడదగిన లాంటిదే ఇది కూడా. ఇక్కడ ‘తగిన’ శత్రువుకు విశేషణం. అంటే వాడు చావుకు తగినవాడేనని వేమన ముందే ఒప్పుకున్నాడు. వాడు లోపల మంచివాడనో, తాగి చేశాడనో, చిన్నప్పుడు కష్టాలు పడ్డాడనో చెప్పి మన జాలి అడగలేదు.

రెండో పాదానికి వచ్చేసరికి మాట మారింది. ‘సేయదగదు’ అనలేదు, ‘సేయరాదు’ అన్నాడు. ‘తగిన’ పట్టుబడ్డవాడి గురించి, ‘రాదు’ పట్టుకున్నవాడి గురించి. అవి రెండు వేరే ప్రశ్నలు. ఉరిశిక్ష మీద మనం చేసే వాదనలు చాలావరకు మొదటి పాదం దాటవు. వాడు చేసినదానికి చావు తగునా తగదా అని కొట్లాడుకుంటాం. తగునని తేలగానే అయిపోయింది అనుకుంటాం. వేమన సరిగ్గా అక్కడ మొదలుపెడతాడు.

‘తనచేత చిక్కెనేని’ కూడా చూడండి. కత్తి పట్టుకుని మీదికి వస్తున్నవాడి సంగతి కాదు ఇది. చేతికి చిక్కినవాడి సంగతి. జైలు గదిలో ఉన్నవాడు చిక్కినవాడే.

నా మట్టుకు నేను ఉరిశిక్ష వద్దనేవాణ్ణి. ఆ మాట దాచి పద్యం గురించి మాట్లాడటం సరికాదు. మీరేమంటారు?

మంథని నుంచి, రిటైర్డ్ తెలుగు పండితులు ఒకరు:
సార్, విడగొట్టి చూపిన తీరు బాగుంది. కానీ ‘శత్రువు’ను వదిలేశారు. తన శత్రువును క్షమించడం మనిషికి గొప్ప. న్యాయమూర్తికి నేరస్థుడు శత్రువు కాడు, ఆయన పగ తీర్చుకోవడం లేదు. పైగా న్యాయానికి మన పాత తెలుగు మాట ‘తగవు’. అది ‘తగు’ నుంచి వచ్చిందే. ఇప్పుడు తగవంటే కొట్లాట అయింది గానీ, ఒకప్పుడు తగవరి అంటే న్యాయం చెప్పేవాడు. ‘తగు’ను పక్కన పెడితే తగవు ఎక్కడుంటుంది? మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ఇంకో మాట అంటుంది: పాపం చేసి రాజు వేసిన దండన అనుభవించినవాడు నిర్మలుడై స్వర్గానికి పోతాడని. అంటే శిక్ష వాడికీ మేలే అని శాస్త్రం ఉద్దేశం.

నా జవాబు:
సార్, తగవు మాట గుర్తు చేసినందుకు దండం. శత్రువు గురించి మీరన్నది బలమైన అభ్యంతరమే, తోసిపుచ్చను. కానీ రాజు గురించే నడిచిన వాదన శాంతిపర్వంలో ఉంది కదా. ద్యుమత్సేనుడు, ఆయన కొడుకు సత్యవంతుడు. సావిత్రి భర్తగానే మనకు తెలిసిన సత్యవంతుడు అక్కడ తండ్రితో వాదిస్తాడు: దొంగను చంపితే వాడి భార్యను, తల్లిని, తండ్రిని, పిల్లలను కూడా చంపినట్టే, వాళ్లు ఏ తప్పూ చేయలేదు అని. తండ్రి ఒప్పుకోడు. ఒకప్పుడు ఛీ అంటే చాలేది, ఆ తర్వాత మాటలతో మందలింపు, ఆ తర్వాత జరిమానా, ఇప్పుడు వధ దాకా వచ్చింది, మనుషులు అలా తయారయ్యారు అంటాడు. యముడి దగ్గర నుంచి తిరిగొచ్చిన మనిషి నోట ఈ వాదన పెట్టిన తీరు నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది. ధర్మశాస్త్రం మరణదండనను ఒప్పుకుంది, నిజమే. అదే సంప్రదాయం ఈ కొడుకు మాటను కూడా దాచిపెట్టలేదు.

హనుమకొండ నుంచి ఒక మేడమ్:
సార్, మీరు ఉన్న ఊర్లోనే నేనూ ఉన్నా. 2019 జూన్‌లో తొమ్మిది నెలల పాపకు జరిగింది మర్చిపోయారా? ఆగస్టు 8న ఇక్కడి కోర్టు ఉరిశిక్ష వేసింది. నవంబరులో హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైలుగా మార్చింది. ఆ రోజు మా అమ్మ అన్నం ముందు కూర్చుని తినలేకపోయింది. “బిడ్డా, ఇడిసిపెట్టుడు ఆ తల్లి చేతుల ఉండాలె, వీళ్ల చేతుల కాదు” అన్నది. వేమన తన శత్రువును వదలొచ్చు. నా బిడ్డ శత్రువును వేమన ఎట్లా వదులుతాడు?

నా జవాబు:
అక్కా, మర్చిపోలేదు. ఈ పోస్టు పెట్టే ముందు చాలాసేపు ఆగింది కూడా అందుకే. ఆ తల్లిని క్షమించమని అడిగే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. మీ అమ్మ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం అంటాను: చంపకపోవడం, క్షమించడం ఒకటి కావు. చనిపోయేదాకా జైలు అన్నప్పుడు వాణ్ణి ఎవరూ క్షమించలేదు. పద్యంలో ‘పొమ్మనుట’ ఉంది, ఆ మాట మనం అక్షరాలా తీసుకోలేం. నేను పట్టుకుంటున్నది ‘కీడు సేయరాదు’ను.

కరీంనగర్ నుంచి ఒక సభ్యుడు:
అక్క వాళ్ల అమ్మగారు అన్నది ఖురాన్‌లో ఉంది. రెండో సూరా 178వ వాక్యం. హత్యకు ప్రతీకారం హక్కే, కానీ చనిపోయినవారి వారసులు వదిలేయొచ్చు, పరిహారం తీసుకోవచ్చు. వదిలేసే ఆ మనిషిని అక్కడ హంతకుడికి ‘సోదరుడు’ అన్నారు. శత్రువు అనలేదు. భాషా గ్రూపు కాబట్టి ఈ మాట చెప్పాలనిపించింది.

నా జవాబు:
భాయ్, ‘సోదరుడు’ దగ్గర ఆగిపోయాను. మన చట్టంలో ఆ అధికారం కుటుంబానికి లేదు, రాష్ట్రపతికి, గవర్నర్‌కు ఉంది. దానికి మనం వాడే మాట క్షమాభిక్ష. భిక్ష అనగానే అడిగేవాడు కిందికి, ఇచ్చేవాడు పైకి పోతారు. ‘సోదరుడు’లో ఆ ఎత్తుపల్లాలు లేవు.

క్రైస్తవ మిత్రులు అడగకముందే: తెలుగు బైబిల్లో ఆజ్ఞ ‘నరహత్య చేయకూడదు’ అని ఉంది, ‘చంపకూడదు’ అని కాదు. రాజ్యం వేసే ఉరి నరహత్య కిందికి వస్తుందా అన్న వాదనంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. 2018లో పోప్ ఫ్రాన్సిస్ కాథలిక్ బోధనను మార్చి, మరణశిక్ష ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోదగినది కాదని రాయించారు. చూశారా, అక్కడా మనకు ‘తగిన’ లేకుండా వాక్యం రాదు.

ఆదిలాబాద్ నుంచి ఒక అన్న:
తగినవాడు అని తేల్చేది ఎవరు తమ్మీ? మా జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఉరి తీసిన్రు. ఎమర్జెన్సీ రోజులు. దొరలకు ‘చంపదగిన’వాళ్లు, మా ఊర్లకు బిడ్డలు. సుమతీ శతకంల ‘వినదగు నెవ్వరు చెప్పిన’ ఉన్నది కదా, దాంట్లనే ‘వేగపడక’ కూడా ఉన్నది. ఉరి అయినంక మళ్లీ వివరించుకునుడు ఏముంటది?

నా జవాబు:
అన్నా, ‘వినదగు’ను ఇక్కడికి తెచ్చి మేలు చేశారు. అక్కడ తగు అంటే వినడం మంచిది అని, విన్నదల్లా నమ్మాలని కాదు. ‘కని కల్ల నిజము తెలిసిన’ తర్వాతే నీతిపరుడు. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఉరిని అరుదైన వాటిలో అత్యంత అరుదైన కేసులకే, వేరే శిక్ష ఏదీ సరిపోదని తేలినప్పటికే పరిమితం చేసింది. కానీ ‘అరుదు’ను కొలిచే తూనిక ఒక్కో జడ్జి దగ్గర ఒక్కోలా ఉంటుంది.

మంథని సార్ మళ్లీ:
మూడో పాదంలో ‘పొసగ’ గురించి ఎవరూ మాట్లాడలేదేం? పొసగు అన్నా తగు అన్నా దగ్గర దగ్గర అర్థమే.

నా జవాబు:
సార్, నేను దాన్ని పాదం నింపడానికి వేసిన మాట అనుకుని క్లాసులో దాటేశాను. తప్పు చేశాను. ‘వాళ్లిద్దరికీ పొసగదు’ అని రోజూ అంటూనే ఉంటాం కదా. అంటే చావు తగినవాడికి, పొసగిన మేలు. వాడికి తగినది ఒకటి, మనకు పొసగేది ఇంకొకటి. హంతకుడికి పొసగే మేలు అంటే ఏమిటి? 2021లో కూల్చేసిన మన వరంగల్ పాత సెంట్రల్ జైల్లో ఖైదీలు జంపఖానాలు నేసేవారు. నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ మగ్గమే. సోమవారం ఆ అమ్మాయికి ‘పొసగ’ దగ్గర నుంచే మళ్లీ చెప్తాను.