అప్‌డేట్: వీర్యకణం మీద హార్మోన్ ఎలా పనిచేస్తుందో ఇప్పుడు అర్థమైంది

మొన్న నేనడిగింది ఇదీ: వీర్యకణంలో జన్యువులు దాదాపు నిద్రలోనే ఉంటాయి, మరి ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ దాన్నెలా కదిలిస్తుంది? హార్మోన్ అంటే కేంద్రకంలోకి వెళ్లి జన్యువుల్ని ఆన్ చేసేదని చదువుకున్నాం కదా, అక్కడే బోల్తా పడ్డాను.

జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. అసలు సంగతి కణం పైపొరలోనే ఉందట. అండాన్ని చుట్టుకుని ఉండే క్యుములస్ కణాలు ప్రొజెస్టెరాన్ వదులుతాయి. అది తగలగానే వీర్యకణం తోకలో ఉండే క్యాట్‌స్పెర్ అనే ద్వారాలు తెరుచుకుని కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. కేంద్రకంతో పనే లేదు, అంతా సెకన్లలో అయిపోతుంది! మనిషి కణాల్లో ఈ సంగతి 2011లో బయటపడింది. అప్పటిదాకా నెమ్మదిగా, ఒకే తీరున ఊగుతున్న తోక కొరడాలా విసురుగా కొట్టడం మొదలెడుతుంది. ఆ విసురు లేకపోతే అండం చుట్టూ ఉన్న గట్టి పొరను దాటడం కష్టం.

అయితే అంతకుముందే కణం సిద్ధమై ఉండాలి. స్త్రీ జననేంద్రియ మార్గంలో కొన్ని గంటలు గడిపితే అక్కడి ఆల్బుమిన్ అనే ప్రోటీన్ దాని పొరలోని కొలెస్టరాల్‌ను లాగేస్తుంది, బైకార్బొనేట్ లోపలి సంకేతాల్ని లేపుతుంది. దీన్నే కెపాసిటేషన్ అంటారు. 1951లో చాంగ్, ఆస్టిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా గమనించారు.

ఒక్క విషయంలో మాత్రం తప్పు సరిదిద్దుకుంటున్నా. ఎలుకలోనూ ఇంతే అని కామెంట్‌లో రాసేశాను. కాదు, ఎలుక క్యాట్‌స్పెర్ ప్రొజెస్టెరాన్‌కు అలా స్పందించదు.